పీపాలో పశువుల పాక

“జంతువు దాహమేస్తే తాగుతుంది. మామూలు మనిషి దాహం వేయకపోయినా తాగుతాడు. నాగరికుడు మాత్రం తాగడు, ఆస్వాదిస్తాడు!”

నీటి సరఫరా శాఖ డైరెక్టరుగారు ఈ మాట అన్నది ఏ తాగుబోతుల సభలోనో కాదు. శాఖ వార్షిక సమావేశంలో అన్నారు. ఆయన వెనకాల గోడకి ఊళ్లోని మంచినీటి గొట్టాల పటం వేలాడుతోంది. ముందు బల్ల మీద ఎవరూ ముట్టని నీళ్ల సీసాలు బారులు తీరి ఉన్నాయి. హాలంతా చప్పట్లతో మోగిపోయింది. అందరూ ఆపేశాక కూడా మరికాస్త కొట్టినవాడు సూపర్నెంటు. అందరూ మొదలుపెట్టాక తేరుకుని కొట్టినవాడు డిప్యూటీ.

మన కథ ఈ డిప్యూటీది.

డైరెక్టరుగారికి ఈ ఆస్వాదన ఎక్కడ అంటుకుందో ఎవరికీ తెలీదు. ఏదో సదస్సుకి వెళ్లొచ్చారు, వచ్చేటప్పుడు ఓ పొడుగు కాడ గ్లాసూ, చెక్కపీపాలో ఊరబెట్టిన బీరు సీసా ఒకటీ, బోలెడన్ని విశేషణాలూ పట్టుకొచ్చారు. ఆ మర్నాడే ‘పీపా పరిమళ పరిషత్తు’ పుట్టింది. అధ్యక్షులు డైరెక్టరుగారు. కార్యదర్శి సూపర్నెంటు. సభ్యులు, పై మెట్టు ఎక్కుదామనుకునే ఉద్యోగులందరూ. ప్రతి శనివారం సాయంత్రం ఆఫీసు పై అంతస్తులోని మీటింగు గదిలో కొలువు. చేరడం పూర్తిగా ఎవరిష్టం వారిది. చేరనంటే ఎవరూ ఏమీ అనరు. చేరనన్న ఇంజనీరొకడు ప్రస్తుతం కొండ మీది ట్యాంకు దగ్గర డ్యూటీలో ఉన్నాడు. అక్కడిదాకా వెళ్లి అతన్ని ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదు.

పరిషత్తులో బీరు పుచ్చుకోవడం మీరూ నేనూ అనుకున్నంత తేలిక కాదు. గ్లాసులో అడుగున కాస్తే పోస్తారు. దాన్ని ముందు దీపానికి అడ్డం పెట్టి చూడాలి. తర్వాత గుండ్రంగా తిప్పాలి. తర్వాత ముక్కు లోపలికి దించి, కళ్లు మూసుకుని, పోయినవాళ్లెవరో గుర్తొచ్చినట్టు మొహం పెట్టాలి. అప్పుడు ఓ చుక్క నాలిక మీద వేసుకుని మింగాలి. మింగాక, చెప్పాలి! అందులోనే ఉంది కిటుకంతా. ‘బాగుంది’ అనే మాట పరిషత్తులో నిషిద్ధం.

సూపర్నెంటుకి ఈ విద్య పుట్టుకతో వచ్చినట్టే అబ్బింది.

“ముందు ఎండుద్రాక్ష, సార్. మధ్యలో కాలిన చక్కెర. చిట్టచివర... ఉండండి, పోతోంది... ఆ! వానాకాలం తలుపులు మూసేసిన గ్రంథాలయం.”

“గ్రంథాలయంలో ఎటువైపు?” అనేవారు డైరెక్టరుగారు కళ్లు తెరవకుండానే.

“చరిత్ర పుస్తకాల వైపు సార్.”

“శభాష్! నాకు ఆ పక్కనున్న భూగోళం కూడా తగిలింది.”

తర్వాత డిప్యూటీ వంతు వచ్చేది. డిప్యూటీ గ్లాసు తిప్పేవాడు, ముక్కు దించేవాడు, మింగేవాడు, నీళ్లు నమిలేవాడు.

“చల్లగా ఉంది సార్.”

డైరెక్టరుగారు అతని వంక, నడివీధిలో పగిలిన గొట్టం వంక చూసినట్టు చూసేవారు.

ఉత్త పరువుతో పోయేదైతే డిప్యూటీ పట్టించుకునేవాడు కాదు. నాణ్యత విభాగానికి అధిపతి పోస్టు ఖాళీ అయింది. ఊరు తాగే నీళ్లు మంచివో కావో తేల్చి సంతకం పెట్టే పెద్ద కుర్చీ అది. వరసలో ఉన్నది ఇద్దరే, డిప్యూటీ, సూపర్నెంటు. డైరెక్టరుగారు ఎంపిక పద్ధతిని ఎంతో శాస్త్రీయంగా వివరించారు. “మంచినీళ్లకి వాసన ఉండకూడదు. ఉండకూడని వాసనని పట్టుకోవాలంటే ఉన్న వాసనలన్నీ తెలిసుండాలి. అవన్నీ ఎక్కడున్నాయి? పీపా బీరులో ఉన్నాయి. కాబట్టి అధిపతిని పరిషత్తులోనే ఎంచుతాను.” ఇందులో తప్పెక్కడుందో వెతకడానికి డిప్యూటీ రెండు మూడు సార్లు ప్రయత్నించి, తప్పు తనలోనే ఉందని తీర్మానించుకున్నాడు.

చిత్రమేమిటంటే, డిప్యూటీకి ముక్కు లేక కాదు. ఉన్నది మామూలు ముక్కు కాదు. ఊరి చివర పశువుల పాకలో పెరిగిన ముక్కు. ఏ గేదెకి ఒంట్లో బాగాలేదో చీకట్లో వాసన బట్టి చెప్పగలిగేవాడు చిన్నప్పుడు. కాకపోతే బడిలో పక్కన కూర్చున్న పిల్లలు బెంచీ చివరికంటా జరిగిపోయి ముక్కులు మూసుకునేవాళ్లు. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు, పెద్దయ్యాక తన ఒంటి మీద సబ్బు వాసన తప్ప ఇంకోటి ఉండకూడదని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో “మీ వాళ్లేం చేస్తారండీ?” అంటే, “పశుగణ రంగమండీ” అన్నాడు. విన్నవాళ్లు దాన్ని పశువైద్యం చేశారు. మరి కొంతకాలానికి అది పశు పరిశోధన కేంద్రమైంది. డిప్యూటీ అబద్ధం ఆడలేదు. కాదనలేదు, అంతే!

ఆ పరిశోధన కేంద్రంలో ప్రస్తుతం అతని అన్నయ్య పాలు పితుకుతున్నాడు.

ఓ ఆదివారం పొద్దున డిప్యూటీ వంటింట్లో డబ్బాలన్నీ దించి ఒక్కొక్కదాంట్లో తల దూరుస్తుంటే భార్య పట్టుకుంది.

“ఏమండీ, చీమలు పట్టాయా?”

“అభ్యాసం చేస్తున్నానే. ఇది లవంగం.”

“లవంగమే. నేను పోసిన డబ్బా నాకు తెలీదా?”

“లవంగాన్ని లవంగం అనకూడదట. ‘దూరపు ఓడరేవు’ అనాలట.”

“అయ్యో! మరి ఉప్పు?”

“‘విడిపోయిన స్నేహితుడు’ అన్నాడు మొన్న సూపర్నెంటు. డైరెక్టరుగారు లేచి నిలబడి చెయ్యి కలిపారు.”

“కూర అడుగంటితే ఏమంటారు?”

“‘పొగలో తడిసిన జ్ఞాపకం.’”

“అయితే ఇవాళ మధ్యాహ్నం జ్ఞాపకమే తినండి. మీ అభ్యాసం చూస్తూ పొయ్యి సంగతి మర్చిపోయాను.”

అలా ఉండగా పరిషత్తుకి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఊరవతలి బీరు కార్ఖానాలో బ్రూమాస్టరు. అంటే పదార్థాలు కలిపి, కాచి, పులియబెట్టడం మొదలు పీపా తెరిచేదాకా ఆయన మాటే శాసనం. గడ్డం పీపా రంగులో ఉంది. చంకలో పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు ఓ చిన్న చెక్కపీపాని ఎత్తుకొచ్చాడు.

“ఇది మామూలు సరుకు కాదండీ. ద్రాక్షసారా ఊరిన పాత పీపాలో పోసి, చీకటి గదిలో పెట్టి, దాని మానాన దాన్ని వదిలేశాం. చెక్కలో కాపురముండే అడవి ఈస్టు, అదేనండీ పులియబెట్టే సూక్ష్మజీవి, దాని పని అది చేసుకుంది. ఇప్పుడిది ఏమైందో మీలాంటి పెద్దలే చెప్పాలి.”

గ్లాసులు నిండాయి. నిండాయంటే, తడిశాయి. సూపర్నెంటు కళ్లు మూసుకున్నాడు. “పుల్లటి చెర్రీ... ఓకు చెక్క... ఓ రాజుగారి పాత తోలు కుర్చీ.” బ్రూమాస్టరు మర్యాదగా తలూపాడు. డైరెక్టరుగారు “పట్టాభిషేకం ముందా, తర్వాతా?” అని అడగబోతున్నారు.

సరిగ్గా అప్పుడే డిప్యూటీ గ్లాసులో ముక్కు పెట్టాడు.

పెట్టగానే మీటింగు గది మాయమైంది. తడి నేల. నెమరేస్తున్న చప్పుడు. ఓ మూల కట్టేసిన దూడ, దాని మీద కప్పిన గోనెసంచి. అతని ప్రమేయం లేకుండా నోరు తెరుచుకుంది.

“అచ్చం మా పశువుల పాక!”

సూపర్నెంటు మొహం పెళ్లివారిల్లులా వెలిగిపోయింది. డైరెక్టరుగారి మొహం మాత్రం ఉన్నట్టుండి పాలిపోయింది. డిప్యూటీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. అతిథి తెచ్చిన సరుకుని పేడతో పోల్చాడు! కొండ మీది ట్యాంకు దగ్గర తన పడక ఎటు వేసుకోవాలో కూడా ఆలోచించేశాడు.

బ్రూమాస్టరు ఒక్క గెంతులో బల్ల చుట్టూ తిరిగొచ్చి అతన్ని వాటేసుకున్నాడు.

“ఇన్నేళ్లకి! ఇన్నేళ్లకి ముక్కున్న మనిషిని చూశానండీ! పశువుల పాక! అడవి ఈస్టు ఇచ్చే వాసన అదే! దానికోసమేనండీ మేం చచ్చేది! అందరూ చెర్రీ అంటారు, తోలు అంటారు, పాక అనే దమ్ము ఒక్కడికీ లేదు!”

“నాకు ముందే అనిపించింది,” అన్నారు డైరెక్టరుగారు గొంతు సవరించుకుని.

“నాకూ నాలిక చివరిదాకా వచ్చింది సార్,” అన్నాడు సూపర్నెంటు.

“పాకలో ఎటువైపండీ?” అడిగాడు బ్రూమాస్టరు, డిప్యూటీ చేతులు వదలకుండా.

డిప్యూటీ ఈసారి నీళ్లు నమల్లేదు. “తొలివాన పడ్డ మర్నాడు పొద్దున. తలుపుకి అవతలి మూల. దూడ మీద గోనె కప్పి ఉంటుంది, తడిది. అది తీయగానే వస్తుందే, ఆ మొదటి వాసన.”

బ్రూమాస్టరు కళ్లు తుడుచుకున్నాడు.

ఆ శనివారంతో డిప్యూటీ దశ తిరిగింది. ‘మా పాక’ అంటే వాళ్ల పరిశోధన కేంద్రంలోదేనని అందరూ అనుకున్నారు, అతను ఈసారీ కాదనలేదు. ఆఫీసులో కంప్యూటరు దగ్గరివాడు మొదలు క్యాంటీను మేనేజరు దాకా అందరూ అతని బల్ల దగ్గర ఆగి కుశలమడిగారు. అంతకంటే విచిత్రం, శాఖలో పశువులతో సంబంధం లేనివాడు మిగల్లేదు. జమాఖర్చుల అధికారికి మేనమామ వరసలో గొర్రెలున్నాయని తేలింది. సూపర్నెంటు తన ముత్తాత గుర్రాల మధ్యే పుట్టి గుర్రాల మధ్యే పోయాడని, గుర్రాలే ఏడ్చాయని చెప్పుకున్నాడు.

డైరెక్టరుగారు ఇంకో అడుగు ముందుకేశారు. “డిప్యూటీగారూ, వచ్చే శనివారం బ్రూమాస్టరుగారి ఎదట నాణ్యత విభాగాధిపతిని ప్రకటిద్దామనుకుంటున్నాను. ఆ సందర్భంగా సభ్యుల ముక్కులకి శిక్షణ ఇవ్వాలి. మీ వాళ్ల పరిశోధన కేంద్రం నుంచి నమూనాలు తెప్పించండి. గోనె, గడ్డి, తదితరాలు.”

“తదితరాలు కూడానా సార్?”

“ముఖ్యంగా తదితరాలే.”

డిప్యూటీ ఊరి చివరికి వెళ్లి చాలాకాలమైంది. పాకలో అడుగు పెట్టి బిత్తరపోయాడు. సిమెంటు నేల తళతళలాడుతోంది. బావి నీళ్లు కొట్టి ఊడ్చిన నేల. ఆవులు స్నానం చేసిన పెళ్లికూతుళ్లలా నిలబడి ఉన్నాయి. పీల్చి చూశాడు. ఏ వాసనా లేదు!

“చిన్నోడా! నువ్వేనా? దారి తప్పి వచ్చావా, బాకీ ఏమైనా ఉన్నానా?” అంటూ అన్నయ్య మోకాళ్ల దాకా బూట్లేసుకుని వచ్చాడు. మనిషి దిట్టంగా, గట్టిగా మాట్లాడే రకం.

“అన్నయ్యా, కాస్త... పేడ కావాలి.”

“మొక్కలకా?”

“కాదు. వాసన చూడటానికి.”

“ఎవరు?”

“మా డైరెక్టరుగారు.”

“పాపం, జలుబు చేసిందా?”

డిప్యూటీ కూలబడి జరిగిందంతా చెప్పాడు. బీరు వాసన పాకలా ఉందన్న చోటికి వచ్చేసరికి అన్నయ్య మొహం ముడుచుకుంది.

“మన పాక కంపు కొడుతుందని నలుగుర్లో చెప్పావా? ఒరేయ్, పొద్దునా సాయంత్రం కడుగుతానురా! ఇక్కడ కింద పెట్టుకుని భోజనం చెయ్యొచ్చు! నువ్వు చెప్పేది నాన్న రోజుల్లో మాట. నేను వచ్చాక ఈ పాక పరువే వేరు.”

“పరువు సంగతి తర్వాత అన్నయ్యా. వాసన లేకపోతే నా పోస్టు పోతుంది.”

అన్నయ్య బూటు కొనతో నేల గీరుతూ ఆలోచించాడు. అటు ఆవుల్ని చూశాడు, ఇటు తమ్ముణ్ణి చూశాడు. నిట్టూర్చాడు.

“సరే పో. ఆ మూల దూడ దగ్గర శనివారం దాకా కడగటం ఆపేస్తాను. గోనె కూడా తీయను. నీకోసం నలుగురూ ముక్కున వేలేసుకుంటే ఏసుకోనీ. మా తమ్ముడు పెద్దాఫీసరు అవుతున్నాడంటే ఆ మాత్రం మురికి నేను భరించలేనా!”

డిప్యూటీ కదిలిపోయాడు. కదిలిపోయినవాడు కదిలిపోయినట్టుండక, “అన్నయ్యా, డబ్బాలో పెట్టి మూత బిగించి గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చెయ్. పైకి రావద్దు. పైన... తనిఖీ ఎక్కువ,” అన్నాడు.

“తనిఖీయా? సరే, సరే,” అన్నాడు అన్నయ్య. తమ్ముడి సబ్బు వాసన వాకిలి దాటేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాడు.

శనివారం వచ్చింది. మీటింగు గదిలో బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచారు. పీపా మధ్యలో కొలువుతీరింది. గ్లాసులు మెరుస్తున్నాయి. డైరెక్టరుగారు కొత్త కోటులో ఉన్నారు. “పాక పరిమళమంటే ఏమిటి?” అని మొదలుపెట్టి, “మట్టికీ మనిషికీ మధ్య జరిగే మౌన సంభాషణ” అనేదాకా వచ్చారు. సూపర్నెంటు గ్లాసులో ముక్కుంచి, “ఆహా, ఆ పేడలోని పవిత్రత!” అంటున్నాడు.

తలుపు తెరుచుకుంది.

ముందు వాసన వచ్చింది. దాని వెనకాల మనిషి వచ్చాడు. మోకాళ్ల దాకా బూట్లు, భుజాన నీళ్లోడుతున్న గోనె, చేతిలో మూతలేని డబ్బా.

“మూత పెడితే పదును పోతుందని తెరిచే తెచ్చానండీ,” అన్నాడు అన్నయ్య గుమ్మంలో నిలబడి. తమ్ముడికి పట్టం కట్టడం కళ్లారా చూద్దామని వాచ్‌మన్‌ని మాటల్లో పెట్టి పైకి వచ్చేశాడు మరి!

ఇక చూడాలి గదిలో సందడి! మట్టికీ మనిషికీ మధ్య సంభాషణ అక్కడికక్కడే తెగిపోయింది.

“అబ్బ, ఏమిటీ కంపు!”

“కిటికీలు! కిటికీలు తెరవండయ్యా!”

“ఇలాంటివాళ్లని లోపలికి ఎవరు వదిలారు?” అని పేడలో పవిత్రత చూసిన సూపర్నెంటు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. జమాఖర్చుల అధికారి మేనమామ గొర్రెల్ని మర్చిపోయి కర్టెనులో మొహం దాచుకున్నాడు. డైరెక్టరుగారైతే పెద్ద జేబురుమాలు తీసి ముక్కుకే కాదు, మొహానికంతా అడ్డం పెట్టుకున్నారు. కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

“డిప్యూటీ! ఎవరితను?” రుమాలు వెనక నుంచి గొంతు వణుకుతూ వచ్చింది.

డిప్యూటీ అన్నయ్య వంక చూశాడు. చుట్టూ జరిగిపోతున్న కుర్చీల వంక చూశాడు. బడిలో బెంచీ చివరికి జరిగిన పిల్లలందరూ పెద్దవాళ్లై కోట్లు వేసుకుని అక్కడ కూర్చున్నట్టే అనిపించింది. చెయ్యి దానంతట అదే లేచి ముక్కు మీదికి వెళ్లింది.

“నమూనాలు... నమూనాలు తెచ్చిన మనిషండీ.”

అన్నయ్య మొహంలో ఏదో వెలుగు ఆరినట్టయింది. ఒక్క క్షణమే. తర్వాత గంభీరంగా తలూపాడు.

“అవునండీ. నమూనాలు తెచ్చిన మనిషిని. ఎక్కడ పెట్టమంటారు?” అని ఎవరూ చెప్పకముందే గోనెని తెల్లగుడ్డ మీద దించి, డబ్బాని పీపా పక్కన పెట్టాడు. పెట్టి తలెత్తేసరికి, ఎదురుగా రుమాలు పైన రెండు కళ్లు, రుమాలుకి ఇటూ అటూ రెండు చెవులు. చేటల్లాంటి చెవులు!

“ఒరేయ్ తట్టా!”

గదిలో ఊపిరాడటం ఆగిపోయింది. అసలే ఎవరూ పీల్చడం లేదనుకోండి.

“ఏయ్! ఎవర్ని పట్టుకుని రా అంటున్నావ్?” కుర్చీ మీంచి గర్జించాడు సూపర్నెంటు.

“నువ్వుండవయ్యా. రుమాలు అడ్డం పెట్టుకుంటే చెవులు దాగుతాయా? మా పక్క పాకలో ఉండేవాడు, మా తమ్ముడు పుట్టకముందే వెళ్లిపోయాడు. మేమిద్దరం ఒకే తట్టలో పేడెత్తేవాళ్లం. ఒక వైపు నేను, ఒక వైపు వీడు. వాడి వైపే ఎప్పుడూ వంగిపోయేది. అందుకే తట్ట అనేవాళ్లం. ఒరేయ్, మీ ఎర్రావు పోయినప్పుడు రెండ్రోజులు అన్నం తినలేదు నువ్వు, గుర్తుందా?”

మొహానికి రుమాలు కంపుకి భయపడి అడ్డం పెట్టుకోలేదని అప్పటికి అందరికీ అర్థమైంది. డైరెక్టరుగారి కళ్లు అటూ ఇటూ తిరిగాయి. ముప్పు ముంచుకొచ్చినప్పుడు ఏ వాల్వు మూయాలో, ఏది తెరవాలో ఆయనకి తెలిసినంతగా శాఖలో ఇంకెవరికీ తెలీదు. ఆ కుర్చీలోకి ఊరికే రాలేదు ఆయన! రుమాలు మెల్లగా దించారు. గుండెల నిండా గాలి పీల్చారు. రెండు చేతులూ చాచారు.

“పెద్దోడా!”

కొత్త కోటు తడిగోనెకి అంటుకునేలా కౌగిలించుకుని, సభ్యుల వైపు తిరిగారు. “విన్నారుగా? నేను పాకలో పెరిగినవాణ్ణి! ముక్కు ఊరికే వస్తుందనుకున్నారా? పీపాలు, గ్లాసులు, ఇవన్నీ నిన్నమొన్నటివి. నా ముక్కు దిద్దింది ఇదిగో, ఈ పరిమళం!”

మెయిన్ వాల్వు తిప్పినట్టు గదిలో ముక్కులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. కిటికీలు మూసుకున్నాయి. కర్టెనులోంచి జమాఖర్చుల అధికారి బయటికొచ్చాడు. సూపర్నెంటు కుర్చీ దిగి, డబ్బా మీదికి వంగి, ఛాతీ నిండా పీల్చి, దగ్గు తెరలోంచి, “తల్లి ఒడి సార్!” అన్నాడు.

బ్రూమాస్టరు ఇదే అదననుకుని అన్నయ్య చేతికి ఓ గ్లాసు అందించాడు. “తమరు చెప్పాలండీ. అసలైన ముక్కు తమరిది.”

అన్నయ్య వాసన చూసి గ్లాసు దూరం పెట్టాడు.

“ఎవరి పాకండీ ఇది? కడగరా?”

“రెండేళ్ల నుంచి కడగలేదండీ!” గర్వంగా చెప్పాడు బ్రూమాస్టరు.

“గొడ్లు ఎలా బతికున్నాయో పాపం,” అన్నాడు అన్నయ్య.

గది గదంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకుండానే డైరెక్టరుగారు ప్రకటించేశారు. “నాణ్యత విభాగానికి పుస్తకాల ముక్కు పనికిరాదు. పాకలో పెరిగిన ముక్కే కావాలి. అలాంటిదెవరికైతే ఉందో వారే అధిపతి!”

డిప్యూటీ ఒక్క ఉదుటున లేచాడు. “సార్! ఈయన మా అన్నయ్య సార్! సొంత అన్నయ్య! నేను పుట్టింది, పెరిగింది ఆ పాకలోనే సార్!”

డైరెక్టరుగారు నుదురు చిట్లించారు. “ఇందాకే కదయ్యా నమూనాలు తెచ్చిన మనిషన్నావు? మీదేదో పరిశోధన కేంద్రమని కదూ అంటారు?”

“అన్నీ అలాగే అంటాడు సార్ ఈయన,” అన్నాడు సూపర్నెంటు. “పోస్టు కోసం దారిన పోయేవాణ్ణి అన్నయ్యంటున్నాడు. ఆ మాటకొస్తే ఈ పెద్దాయన్ని చూస్తే నాకూ మా చిన్నాన్నే గుర్తొస్తున్నాడు.”

“ఎందుకొచ్చిన తగువు,” అని డైరెక్టరుగారు అన్నయ్య భుజం మీద చెయ్యి వేశారు. “పెద్దోడా, నువ్వే చెప్పు. ఈయన నీ తమ్ముడా?”

అన్ని కళ్లూ అన్నయ్య మీదే. డిప్యూటీ ఒకడుగు ముందుకేశాడు. కుర్చీ, సంతకం, గది బయట తన పేరు రాసిన చెక్క, అన్నీ ఆ ఒక్క మాట మీద వేలాడుతున్నాయి. ‘అన్నయ్యా’ అని పెదాలు మాత్రం కదిలాయి.

అన్నయ్య అతన్ని కిందినుంచి పైదాకా, సంతలో గొడ్డుని చూసినట్టు తీరిగ్గా చూశాడు.

“నాకో తమ్ముడున్న మాట నిజమేనండీ. పోలిక కూడా ఉంది. కానీ మా తమ్ముడైతే పాకలో పుట్టినవాడు. నన్ను చూసి ముక్కు మూసుకోడు కదండీ? ఈయన మూసుకున్నారు.”

డిప్యూటీ తల వంచుకున్నాడు. గోనె ఓడ్చిన నీళ్లు తెల్లగుడ్డ మీంచి జారి అతని మెరిసే బూటు మీద చుక్కచుక్కగా పడుతున్నాయి. కాలు తీసుకోలేదు.

“తప్పయిందన్నయ్యా,” అన్నాడు, బెంచీ మీది పిల్లలందరికీ వినిపించేలా.

అన్నయ్య మీసం కింద ఏదో కదిలింది. నవ్వో ఏమో, పైకి రానివ్వలేదు. “నాకా, చూపు మందగించిందండీ. ఇక్కడ దీపాల వెలుగులో పోల్చుకోలేను. ఆ మూల వారమై కడగలేదు, ఎవరికోసమో పరువు పోగొట్టుకుని అలా ఉంచేశాను. రేపు పొద్దున వచ్చి బూట్లు విప్పి, ఆ మూల శుభ్రంగా కడిగితే, చెయ్యి వాటం చూసి తమ్ముడో కాదో చెప్పగలను.”

“అదే పరీక్ష!” అన్నారు డైరెక్టరుగారు బల్ల గుద్ది. పోస్టు మాట ప్రస్తుతానికి వాయిదా పడింది.

తెల్లారింది. డిప్యూటీ పాత చొక్కా వేసుకుని, పాంటు మడిచి, చీపురుతో మూల దగ్గరికి వెళ్లేసరికి అక్కడ చోటు లేదు. చిన్నాన్న కొడుకు వరసలో సూపర్నెంటు అప్పటికే దూడ దగ్గర గోనె లాగుతున్నాడు. దూడ అతన్ని లాగుతోంది. జమాఖర్చుల అధికారి మేనల్లుడి వరస కట్టి తొట్టి తోముతున్నాడు. కంప్యూటరు దగ్గరివాడికి వరస దొరక్క, “పెదనాన్న అనొచ్చాండీ?” అని అడుగుతూ గడ్డి మోస్తున్నాడు. డైరెక్టరుగారు తట్టకి ఒక వైపు పట్టుకుని ఉన్నారు. అది ఆయన వైపే వంగి ఉంది.

డిప్యూటీ ఎవరినీ పక్కకి జరగమనలేదు. అందరూ వదిలేసిన కాలవ దగ్గర కూర్చుని, పేరుకున్నదంతా చేత్తో తీయడం మొదలుపెట్టాడు. చెయ్యి మర్చిపోలేదు, పనిలో పడిపోయింది. అన్నయ్య గుమ్మంలో నిలబడి అది చూశాడు. చూసి కూడా ఏమీ అనలేదు. వదిన మాత్రం కాఫీ గ్లాసు తెచ్చి తిన్నగా డిప్యూటీ చేతికే ఇచ్చి, “మీ అన్నయ్యకి నిన్ననే చూపు వచ్చేసిందయ్యా,” అంది లోగొంతుకతో. “పని పూర్తయ్యేదాకా చెప్పొద్దన్నారు.”

పాల కోసం వచ్చినవాళ్లు కోట్లు కొక్కేలకి తగిలించి పాక కడుగుతున్న ఆ గుంపుని చూసి నోళ్లు తెరిచారు.

“ఎవరండీ వీళ్లంతా?”

“నీటి సరఫరా శాఖ వాళ్లండీ,” అన్నాడు అన్నయ్య పాలు కొలుస్తూ. “మన వీధికి నీళ్లు రావడం లేదని ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా పలకలేదు కదా? చూడండి, ఇవాళ ఎంతమంది వచ్చి పోస్తున్నారో!”